లెక్కలొచ్చిన ఓనరుతో జాగ్రత్త

ఇల్లు కట్టించుకునేవాళ్లు సైటుకి క్యాలిక్యులేటర్ తేకూడదని ప్రభుత్వం వెంటనే జీవో ఇవ్వాలి. లేకపోతే నిర్మాణ రంగం నిలబడదు.

శ్లాబు సంగతే తీసుకోండి. వెయ్యి చదరపు అడుగులు, 5 అంగుళాల మందం. మేస్త్రీ ఓసారి సెంట్రింగ్ వంక చూసి, గడ్డం గోక్కుని "నూట ఇరవై బస్తాలు తెప్పించండి సార్" అంటాడు. ఆ మాటలో అనుభవం ఉంది, గాంభీర్యం ఉంది, మిగిలిన బస్తాలతో పక్క వీధిలో లేవబోయే ప్రహరీ కూడా ఉంది.

లెక్కలొచ్చిన ఓనరు ఊరుకోడు. వెయ్యిని 5తో హెచ్చించి 12తో భాగిస్తాడు. 417 క్యూబిక్ అడుగులు. దాన్ని 35.3తో భాగిస్తే 11.8 క్యూబిక్ మీటర్లు. ఇళ్ల శ్లాబులకి మామూలుగా వాడే ఎం20 రకం కాంక్రీటుకి క్యూబిక్ మీటరుకి 8 సిమెంటు బస్తాలు, వెరసి 95. పోనీ తరుగు కింద ఐదు వేసుకో, వంద అంటాడు. దూలాలు మర్చిపోయారని మేస్త్రీ గుర్తుచేస్తే, సంతోషంగా వాటి పొడవూ వెడల్పూ లోతూ అడుగుతాడు! పక్క వీధి ప్రహరీ పునాదిలోనే ఆగిపోయింది.

ఇసుక దగ్గర ఇంకా అన్యాయం. ఐదారు శాతం తేమ ఉంటే ఇసుక పాతిక శాతం దాకా ఉబ్బుతుంది. అంటే వంద అడుగుల లోడులో ఇరవై అడుగులు గాలే. ఆ గాలిని రేవు నుంచి మన గుమ్మం దాకా మోసుకొచ్చిన ట్రాక్టరుకి డీజిల్ ఎవరు పోయిస్తారు? ఈయనేమో గాజు గ్లాసులో ఆ ఇసుక నింపి, నిండా నీళ్లు పోసి కలిపి, ఎంత కిందికి దిగిందో స్కేలు పెట్టి చూస్తాడు. డ్రైవరు ముందే! కనీస మర్యాద ఉండొద్దూ?

ఊచ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దాంతోనే హెచ్చించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 12 ఎంఎం ఊచ 12 మీటర్లది 10.67 కిలోలు. ఈ సూత్రం ఇనుము కొట్లో పైకి అనకండి. కాటాకి మనసుంటుంది.

పోనీ ఓనరే గెలిచాడనుకుందాం. 18 లక్షల ఎస్టిమేటు వేసుకున్న ఇల్లు 18 లక్షలకే పూర్తయింది. అప్పుడు 'ఇల్లు కట్టి చూడు' అన్న పెద్దల పరువేం కావాలి? గృహప్రవేశం నాడు భోజనాల దగ్గర బావమరిది "మొత్తం ఎంతయింది బావా?" అని ఆశగా అడిగితే, పాపం ఆయన దగ్గర చెప్పుకోవడానికి ఏముంటుంది?