కోహినూరు మనది కాబట్టి ఈ పంచాయితీ కూడా మనదే

బ్రిటన్ రాజుగారి చిన్నబ్బాయి హ్యారీ, ఆయన భార్య మేఘన్‌ల గొడవ మీకెందుకండీ అని మా ఆవిడ రోజూ అడుగుతుంది. ఎందుకేంటి, కోహినూరు మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందనే కదా అందరూ చెప్పేది, అదిప్పుడు లండన్ టవర్‌లో ఉంది, మన నగ ఒకళ్ల బీరువాలో ఇన్నేళ్లు ఉన్నాక వాళ్లింటి అన్నదమ్ముల తగువులో నోరు పెట్టే హక్కు మనకి ఉండదా? ఉంటుంది. అందుకే విచారణ మొదలుపెట్టా.

కేసు సింపుల్. 2018 మేలో పెళ్లి, 2020 జనవరిలో వేరు కాపురం. మన దగ్గరైతే గిన్నెలు సర్దుకుని పక్క వీధికి పోతారు, నాలుగు రోజులు చెప్పుకుని జనం మర్చిపోతారు. వీళ్లు కాలిఫోర్నియా పోయినా ఎవరూ మర్చిపోవట్లేదు, పేపర్లు మర్చిపోనివ్వట్లేదు.

ఆ పేపర్ల న్యాయం చూడండి. 2017లో హ్యారీ అన్న విలియంకి ఎవరో పిల్లాడు ఒక అవకాడో పండు ఇస్తే, ఆయన భార్య కేట్ వేవిళ్లకి మందు దొరికిందా అని డైలీ ఎక్స్‌ప్రెస్ మురిసిపోయింది. 2019కి మేఘన్ అవకాడో తినేసరికి అదే పేపర్‌కి ఆ పండు సాగుతో వచ్చే కరువు, మానవ హక్కుల ఉల్లంఘన అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. పెద్ద కోడలు పొట్ట మీద చెయ్యేసుకుంటే మమకారం, చిన్న కోడలు వేసుకుంటే యాక్టింగా అని డౌటు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని మనవాళ్లు ఎప్పుడో అన్నారు, బకింగ్‌హామ్ ప్యాలెస్ చూడకుండానే.

అయ్యో పాపం అనుకునేలోపు ఈ జంట మనల్ని అనుకోనివ్వదు. ప్రైవసీ కావాలని దేశం దాటి వెళ్లి, 2021 మార్చిలో టీవీ ఇంటర్వ్యూలావిడ ఓప్రా ముందు కూర్చుంటే అమెరికాలోనే దాదాపు 1 కోటి 70 లక్షల మంది చూశారు, తర్వాత నెట్‌ఫ్లిక్స్‌లో 6 ఎపిసోడ్లు, ఆ మీదట 2023 జనవరిలో హ్యారీ పుస్తకం, మొదటి రోజే 14 లక్షల కాపీలు పైనే. ఇంత ప్రైవసీ మా అపార్ట్‌మెంట్‌లో ఎవరికీ లేదు.

అలాగని అబ్బాయిది అంతా డ్రామా అనడానికీ లేదు, ఫోన్ హ్యాకింగ్ కేసులో మిర్రర్ పేపర్ల గ్రూప్ హ్యారీకి 1,40,600 పౌండ్లు కట్టాలని 2023 డిసెంబర్‌లో కోర్టే చెప్పింది. మరి ఆ హ్యాకింగ్ వార్తలు అప్పట్లో కొని చదివిందెవరు అని మాత్రం అడక్కండి, విచారణ పక్కదారి పడుతుంది.

జనం మాటా? వీళ్ల మొహం చూడాలంటేనే చిరాకు అని కామెంట్ పెట్టేవాళ్లు వీడియో ఎక్కిన రెండో నిమిషానికే అక్కడుంటారు. నేను కొంచెం లేటు, అయిదో నిమిషానికి వెళ్తా.

ఇక మిగిలింది పుస్తకంలోని అసలు సాక్ష్యం: అన్న నెట్టేస్తే తమ్ముడు వెళ్లి కుక్క గిన్నె మీద పడ్డాడు, గిన్నె పగిలింది. ఇన్ని పేపర్లు, ఇన్ని ఛానెళ్లు ఇన్నాళ్లు వాయించాయి గానీ, పగిలిన ఆ గిన్నె కొత్తదా, అడుగోటిదా అన్నది ఒక్కడూ రాయలేదు. అది తేలేదాకా కేసు వాయిదా.