ఆదివారం తలుపు తెరిచిన సైనిక ఇంజనీరు

2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్ఎల్‌బీసీ) సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయినప్పటి నుంచి, ఇలాంటి పనులు సైన్యం నుంచి వచ్చిన ఇంజనీర్లకు అప్పగిస్తే తప్ప గాడిన పడవన్న మాట హైదరాబాద్‌లో తరచూ వినిపిస్తోంది. ట్యాంక్‌బండ్ మీద కాటన్ దొర విగ్రహాన్ని నిలుపుకున్న నగరానికి ఈ నమ్మకం కొత్తేమీ కాదు. నమ్మకంతో నాకు పేచీ లేదు కానీ, దానికి అందరూ చూపే కారణం, అంటే సైనిక క్రమశిక్షణ, అసలు కారణం కాదని పనామా కాలువను పూర్తిచేసిన జార్జ్ గోథల్స్ జీవితం చూస్తే అర్థమవుతుంది.

వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో చదివి 1880లో అమెరికా సైన్యపు ఇంజనీర్ల దళంలో చేరిన గోథల్స్ 1907లో పనామాకు చీఫ్ ఇంజనీరుగా వెళ్లాడు. అంతకుముందు ఇద్దరు పౌర ఇంజనీర్లు రాజీనామా చేసి వెళ్లిపోయారు కాబట్టి, మధ్యలో వదిలేసి పోలేని మనిషి కోసం అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సైన్యం వైపు చూశాడు. అక్కడ గోథల్స్ యూనిఫాం వేసుకోలేదు, తెల్లని మామూలు దుస్తుల్లోనే తిరిగాడు. అట్లాంటిక్ వైపు లాకుల పనిని సైనికుడికి, పసిఫిక్ వైపు లాకుల పనిని విలియంసన్ అనే పౌర ఇంజనీరుకు అప్పగించి, రెండు జట్ల మధ్య పోటీ పెరగనిచ్చాడు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆయన ఆదివారాలు. ఆ రోజు ఉదయం ఆయన గది తలుపు తెరిచి ఉండేది. ఫోర్‌మన్ బూతులు తిట్టాడని కూలీ, ఇంటి కేటాయింపులో అన్యాయం జరిగిందని ఉద్యోగి భార్య నేరుగా వచ్చి చెప్పుకునేవారు, వీలైనంత వరకు తీర్పు అక్కడికక్కడే వచ్చేది. మన ప్రజావాణిలో అర్జీ మీద ముద్ర పడి కాగితం వేరే శాఖకు వెళ్తుంది. గోథల్స్ బల్ల దగ్గర మాత్రం కాగితం ఆగిపోయేది, ఎందుకంటే 1908లో అధ్యక్షుడి ఉత్తర్వుతో కాలువ పనిని నడిపే కమిషన్ అధికారాలన్నీ ఆయన చేతికే వచ్చాయి. ఇది ఆజ్ఞాపించే పద్ధతి కాదు, బాధ్యత నుంచి తప్పించుకునే దారులన్నీ తనకు తానే మూసుకున్న పద్ధతి. కొండను చీల్చి కాలువ తవ్విన కులేబ్రా కోతలో కొండచరియలు జారి, తవ్విన చోటే మళ్లీ మట్టి నిండినప్పుడల్లా, ఆయన మళ్లీ తవ్వించాడు. 1914 ఆగస్టు 15న కాలువలో అధికారికంగా ఓడ నడిచింది.

ఆయన్ని దేవుణ్ని చేయనక్కర్లేదు. వెస్టిండీస్ నుంచి వచ్చిన నల్లజాతి కూలీలకు వేరే జీతం, వేరే వసతి ఇచ్చే వ్యవస్థను ఆయన అలాగే కొనసాగించాడు. అమెరికన్ల హయాంలో అక్కడ అధికారిక లెక్క ప్రకారం 5,609 మంది చనిపోయారు, వారిలో ఎక్కువమంది ఆ కూలీలే. తలుపు తెరిచి ఉన్నా, ఆ గడప దాటని బాధలు చాలానే ఉన్నాయి.

కాలువ పూర్తయ్యాక గోథల్స్ ఆ ప్రాంతానికి గవర్నరుగా, చివరి దశలో న్యూయార్క్ పోర్ట్ అథారిటీకి సలహా ఇంజనీరుగా పనిచేసి 1928లో మరణించాడు.

మన దగ్గర మాజీ సైనికాధికారిని సలహాదారుగా కూర్చోబెట్టి, సంతకాన్ని మరొకరి దగ్గర, డబ్బును ఇంకొకరి దగ్గర ఉంచితే గోథల్స్ అనుభవంలో సగం కూడా మనకు అందదు. ఎస్ఎల్‌బీసీలో చిక్కుకున్న ఎనిమిది మందిలో నలుగురు ఝార్ఖండ్ కూలీలు. పైకప్పు నుంచి నీటి ఊట పెరుగుతోందని అలాంటి కూలీ హిందీలో చెబితే, విని ఆ పూటే పని ఆపించగల అధికారం ఉన్న ఇంజనీరు కూర్చునే గది హైదరాబాద్‌లోని నీటిపారుదల శాఖ కార్యాలయం జలసౌధలో కాదు, సొరంగం దగ్గరి దోమలపెంటలో ఉండాలి.