డీజే స్టెంట్ గారికి, నీ ఇంటి ఓనరు రాయునది

రాయి తీసినంక నా కిడ్నీకి, మూత్రసంచికి నడుమ నాళంల పెట్టిన సన్న గొట్టం, మహారాజశ్రీ డీజే స్టెంట్ గారికి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అని రాద్దామనుకున్న. కని నువ్వు కుశలంగ ఉన్నన్ని రోజులు నాకు కుశలం లేదు, అందుకే మానుకున్న. గారు అన్నది చీటీ మర్యాదకే, ఇగ నువ్వనే అంట.

డిశ్చార్జి కాయితంల డీజే పెట్టినమని చూసి మా బామ్మర్ది "బరాత్ ఎప్పుడు బావా?" అన్నడు. నవ్వబోతే నడుంల పోటొచ్చింది. బరాత్ షురూ అయిందని అప్పుడు తెలిసింది.

నీకంటె ఆ రాయే నయం. నల్లగొండకు లతీఫ్ సాబ్ గుట్ట చాలదన్నట్టు నా మూత్రనాళంల 9 మిల్లీమీటర్ల గుట్ట. 5 లోపుదైతే చానామట్టుకు దానంతటదే జారుతదట, నాది మొండిది. కొండపిండి కూర తిన్న, అరటి దూట రసం తాగిన, ఉలవకట్టు తాగిన. బీరు తాగితే పోతదన్న దోస్తు మాట గూడ తీసెయ్యలే (ఇది మా ఆమె చదువొద్దు). ఆఖరికి కొండను పిండి చేసింది లేజరే. కోత లేదు, కుట్టు లేదు. మూత్రం వచ్చే తోవలకెళ్లే సన్న దుర్బీను పంపి, గంటల పని కానిచ్చిండు డాక్టరు.

రాయి గంటల పోయింది. నువ్వు 3 వారాలు కిరాయి లేకుండ కూసున్నవ్. నాళం వాచి మూసుకపోకుండ కావలి ఉన్ననంటవ్, ఒప్పుకుంట. 1978ల ఫిన్నీ అనే అమెరికా డాక్టరు నువ్వు జారకుండ రెండు కొసలకు ఇంగ్లీషు జే అక్షరం లెక్క వంకరలు పెట్టిండు, అందుకే డబుల్ జే, డీజే. ఒక వంకర కిడ్నీల, ఒకటి మూత్రసంచిల. అదే నా సావుకొచ్చింది. పోసేటప్పుడు కిందికి రావాల్సింది కొంత నీ గొట్టంలకెళ్లి ఎనక్కి కిడ్నీలకే ఎక్కుతది. సంచిల వంకర గెలికితే ఊకూకె మూత్రమొచ్చి, దేవరకొండ బస్సు రెండుసార్లు ఆపిచ్చిన. "షుగరా అన్నా?" అన్నడు కండక్టరు. నీ కథ ఆయనకేం చెప్పాలె!

పక్క బెడ్డు పెద్దమనిషి నొప్పి తగ్గిందని నిన్ను తీయించుకునుడే మరిసిండట. ఏడాదికి నీ మీదనే రాయి కట్టిందట. రాయి కోసమొచ్చి నువ్వే రాయైతవా?

సోమారం 10 గంటలకు నిన్ను తీసుడు. క్యాలెండర్ల గీత కొట్టిన, ఫోన్ల అలారం పెట్టిన. మా ఆమెకు గూడ చెప్పిన, ఆమె మర్సిపోదు. సామాన్లు సదురుకో.

ఇట్లు,
నీ ఇంటి ఓనరు