ప్యాకేజింగ్ స్క్రిప్ట్ ఇచ్చినదాన్ని ఇచ్చినట్టే అప్‌లోడ్ చేయకండి

డెబియన్ అనే లినక్స్ వ్యవస్థలోకి ఇతరులు రాసిన కోడ్ లైబ్రరీలను ప్యాకేజీలుగా తేవడానికి ఇప్పుడు పనిముట్లకు కొదవ లేదు. పర్ల్‌కి డీహెచ్-మేక్-పర్ల్, రూబీకి జెమ్2డెబ్, రస్ట్‌కి డెబ్‌కార్గో. ఒక్క కమాండ్‌తో కంట్రోల్, రూల్స్, చేంజ్‌లాగ్ ఫైళ్లు తయారు. తప్పకుండా వాడండి, వాటిని చేత్తో టైపు చేయడం శుద్ధ దండగ. కానీ ఆ వచ్చినదాన్నే పూర్తయిన ప్యాకేజీ అనుకుంటే మాత్రం మోసపోతాం.

పేర్లే చూడండి. పైథాన్ లైబ్రరీల ఆన్‌లైన్ భండారమైన పైపీఐలో పైయామల్, కోడ్‌లో ఇంపోర్ట్ చేసేది యామల్, డెబియన్‌లో ప్యాకేజీ పైథాన్3-యామల్. పైపీఐ పేరుకు ముందు పైథాన్3 తగిలించేసే స్క్రిప్ట్ ఇక్కడే బోర్లా పడుతుంది.

వెర్షన్ల దగ్గర దెబ్బ ఇంకా గట్టిది. ఆర్‌సీ అంటే అసలు విడుదలకు ముందొచ్చే పరీక్ష వెర్షన్. కానీ డెబియన్‌లో ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే డీపీకేజీ లెక్కలో 1.0 కంటే 1.0ఆర్‌సీ1 పెద్దది. పొరపాటున అది ఎక్కిందంటే, తర్వాత అసలైన 1.0 వచ్చినా యూజర్లకు అప్‌గ్రేడ్ అందదు. వెర్షన్ ముందు ఎపాక్ అనే అంకె వేసి సరిచేస్తే, ఆ ప్యాకేజీ ఉన్నంతకాలం దాన్ని మోయాల్సిందే. కొత్త వెర్షన్లను ఎక్కడ వెతకాలో చెప్పే వాచ్ ఫైల్‌లో, వెర్షన్ రాసే తీరును మార్చే యూవెర్షన్‌మ్యాంగిల్ రూల్ ఒక్కటి రాసి, ఆర్‌సీ ముందు టిల్డా (~) పెట్టించండి. డీపీకేజీకి టిల్డా ఖాళీ కంటే కూడా చిన్నది, అందుకే 1.0~ఆర్‌సీ1 బుద్ధిగా 1.0 వెనక నిలబడుతుంది.

అసలు ప్రమాదం, ఏ ఫైల్‌కు ఏ లైసెన్సో రాసే కాపీరైట్ ఫైల్‌లో ఉంది. లైసెన్స్‌లను వెతికే లైసెన్స్‌చెక్ అనే పనిముట్టు ఒక్కో ఫైల్‌లో రాసి ఉన్న లైసెన్స్ మాటలను బట్టి చెబుతుంది. ఆ మాటే లేని ఫైల్ గురించి దానికేం తెలుస్తుంది? పైన ఎంఐటీ లైసెన్స్ అని ఉంటుంది, లోపల డాక్స్ ఫోల్డర్‌లో ఇంకెవరిదో మినిఫై చేసిన (చదవలేనంతగా కుదించిన) జావాస్క్రిప్ట్ కూర్చుని ఉంటుంది. సోర్స్ లేని అలాంటి ఫైల్‌కు డెబియన్ ప్రధాన విభాగమైన మెయిన్‌లో చోటు లేదు. కాపీరైట్ ఫైల్‌లోని ఫైల్స్-ఎక్స్‌క్లూడెడ్ కింద దాని పేరు రాస్తే, కొత్త వెర్షన్లను దించే యూస్కాన్ దాన్ని తీసేసి టార్‌బాల్‌ను (సోర్స్ కోడ్ మూటను) మళ్లీ కడుతుంది. ఏ పేరు రాయాలో తెలియాలంటే మాత్రం ఎవరో ఒకరు టార్‌బాల్ విప్పి ఫోల్డర్ ఫోల్డరూ చూడాలి.

కొత్త వెర్షన్ కనిపించగానే దించి, కట్టి, ఎక్కించేసే స్క్రిప్ట్‌లంటే నాకు భయం. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ పనిముట్టులో 2024లో బయటపడ్డ బ్యాక్‌డోర్‌ను (రహస్య దొడ్డిదారిని) గుర్తు చేసుకోండి. 5.6.0, 5.6.1 టార్‌బాల్స్‌లో ఉన్న బిల్డ్-టు-హోస్ట్ ఎం4 అనే బిల్డ్ ఫైల్, అందరికీ కనిపించే కోడ్ ఉండే గిట్‌లో లేదు, ఆ విషాన్ని బిల్డ్‌లోకి లాగింది అదే. టార్‌బాల్‌నూ గిట్ ట్యాగ్‌నూ పోల్చే పని స్క్రిప్ట్‌కు అప్పజెప్పండి, తేడాలు మాత్రం మీ కళ్లతో చదవండి.

టెస్టుల విషయంలో ఒక దురలవాటు ఉంది. డెబియన్ బిల్డ్‌లో ఇంటర్నెట్ వాడకూడదు. నెట్ కోసం వెతికి ఒక టెస్టు పడిపోయిందని రూల్స్ ఫైల్‌లో టెస్టుల దశనే ఖాళీ చేసేస్తారు. అలా చేయకండి. పైథాన్ ప్యాకేజీ అయితే, దాన్ని కట్టే పైబిల్డ్ టెస్ట్ ఆర్గ్స్‌లో, టెస్టులు నడిపే పైటెస్ట్‌కు ఆ ఒక్క టెస్టు పేరు చెప్పి దాన్నే వదిలేయించండి.

శుభ్రమైన క్రూట్‌లో (మిగతా సిస్టమ్ నుంచి వేరుచేసిన చోట) ప్యాకేజీ కట్టే ఎస్‌బిల్డ్, ఆ తర్వాత ప్యాకేజీలో తప్పులు పట్టే లింటియన్, ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీని పరీక్షించే ఆటోప్యాక్‌టెస్ట్, చివరగా ఈ లైబ్రరీ మీద ఆధారపడ్డ ప్యాకేజీలన్నిటినీ తిరిగి కట్టే ర్యాట్: వీటిని మాత్రం పూర్తిగా యంత్రానికే వదలండి, ప్రతి వెర్షన్‌కూ నడిపించండి. ర్యాట్‌లో ఏ ప్యాకేజీ విరిగినా అప్‌లోడ్ అక్కడే ఆగాలి, ఆ ప్యాకేజీ చూసేవాళ్లకు బిల్డ్ లాగ్‌తో సహా బగ్ వెళ్లాలి.