మూడో గేమ్‌లో ఓడేది మనసా, మోకాళ్లా?

2017 ఆగస్టు 27. గ్లాస్గోలో ప్రపంచ బ్యాడ్మింటన్ ఫైనల్. రెండో గేమ్ చివరి పాయింట్ కోసం సింధు, జపాన్ క్రీడాకారిణి ఒకుహారా కలిసి 73 షాట్లు ఆడారు. ఆ పాయింటూ, దాంతో పాటు గేమూ సింధుకే దక్కాయి. కానీ 110 నిమిషాలు సాగిన మ్యాచ్‌ను 19-21, 22-20, 20-22తో పోగొట్టుకుంది.

మరుసటి ఏడాది ప్రపంచ చాంపియన్‌షిప్, కామన్వెల్త్ క్రీడలు, ఆసియా క్రీడలు, మూడింట్లోనూ సింధు ఫైనల్లోనే ఆగిపోయింది. టీవీలో, టీ కొట్టు దగ్గర ఒకటే మాట: ఫైనల్ అంటే ఆమెకు టెన్షన్ అని. ఆ మాట నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. టెన్షన్ ఎవరికి ఉండదు? మనసు బలహీనం అని మనం తేల్చేసే ఓటముల్లో చాలావాటికి కారణం కాళ్లలో ఉంటుంది.

అలసిన కాలు ఒక్క అడుగు ఆలస్యం చేస్తుంది. అంతే. తల మీద అందుకోవాల్సిన షటిల్ ఈలోపు నడుము దాకా దిగిపోతుంది. అక్కడి నుంచి స్మాష్, అంటే పై నుంచి బలంగా కిందికి దించే షాట్, కొట్టలేం, పైకి లేపాల్సిందే. లేపితే అవతలివాళ్లు స్మాష్ కొడతారు. చూసేవాళ్లకు అది తప్పుడు షాట్. ఆడినవాళ్లకు మాత్రం ఆ క్షణంలో వేరే షాటే లేదు.

పైగా ఒకే ర్యాలీ, అంటే ఒక పాయింటు కోసం సాగే షాట్ల వరస, ఇద్దరినీ ఒకేలా అలసిపోనివ్వదు. ఒకుహారా సింధు కంటే దాదాపు ముప్పావు అడుగు పొట్టి. నెట్ దగ్గర పడే డ్రాప్ కోసం సింధు ప్రతిసారీ అంత పొడవైన శరీరాన్ని కిందికి వంచి, మళ్లీ నిలబెట్టి, వెనక్కి పరుగెత్తాలి. ముందు మోకాలి మీద పడే బరువు చిన్నది కాదు. ర్యాలీ ఎంత సాగితే ఒకుహారాకు అంత లాభం.

అందుకే 2019లో బాసెల్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ నాకు గ్లాస్గో కంటే ముఖ్యం. అదే ఒకుహారా. 21-7, 21-7. నలభై నిమిషాలు కూడా పట్టలేదు. సింధు ఆ రోజు ఎక్కువసేపు ఆడే ఓపిక చూపించలేదు, ర్యాలీని సాగనివ్వని బలం చూపించింది. తొందరగా షటిల్ కిందికి చేరి, పై నుంచి కొట్టింది. ఆ ఏడాది జిమ్‌లో ఆమె చేసిన కసరత్తుల వీడియో చాలామంది చూసే ఉంటారు. ఆ బరువులన్నీ ఆ తొలి అడుగులో కనిపించాయి.

మన దగ్గర ఫిట్‌నెస్ అంటే ఇంకా గ్రౌండ్ చుట్టూ రౌండ్లే. ఈమధ్య ఒక ఇండోర్ కోర్టులో పదమూడేళ్ల పాప మ్యాచ్ చూశాను. మొదటి గేమ్‌లో ఎంత చక్కగా ఆడిందో! మూడో గేమ్ సగానికి వచ్చేసరికి షటిల్ కోసం ముందుకు చాచి వేసిన కాలు వెనక్కి రావట్లేదు, చేత్తో తొడ మీద నొక్కుకుని లేస్తోంది. నాలుగు పాయింట్లు వరసగా నెట్‌కి కొట్టింది. బయటికి రాగానే వాళ్ల నాన్న, "అంత టెన్షన్ ఎందుకమ్మా నీకు?" అన్నాడు. పాప తల దించుకుంది. నాకు గొంతు దాకా వచ్చింది, చెప్పలేకపోయాను.

బ్యాడ్మింటన్‌లో ఎక్కువ ర్యాలీలు పది సెకన్లలోపే ముగుస్తాయి. ఆ కాసేపూ నిప్పులా కదలాలి, పాయింటుకీ పాయింటుకీ మధ్య దొరికే కొద్ది విరామంలో ఊపిరి అందుకోవాలి, మళ్లీ కదలాలి. ఆ తేరుకోవడానికి పరుగూ ఉపయోగపడుతుంది, కాదనను. కానీ ఒకే వేగంతో పది రౌండ్లు కొట్టిస్తే ఆగడం, తిరగడం, ఒంటికాలి మీద దిగడం ఎవరు నేర్పుతారు?

ఫిట్‌నెస్ ఉంటే గాయాలు రావని కూడా అనలేను. స్పెయిన్ క్రీడాకారిణి కరోలినా మారిన్ కంటే దృఢంగా ఆడేవాళ్లను నేను పెద్దగా చూడలేదు. 2024 పారిస్ ఒలింపిక్స్ సెమీస్‌లో మొదటి గేమ్ గెలిచి, రెండోదాంట్లోనూ ముందున్న దశలో ఆమె మోకాలికి గాయమై తప్పుకోవాల్సి వచ్చింది. అంతకుముందే రెండు మోకాళ్లకీ ఆపరేషన్లు జరిగాయి. అంత తయారీ ఉన్న శరీరానికే అలా అయింది. మనమేమో స్క్వాట్ సరిగ్గా చేయడం కూడా నేర్పకుండా పదేళ్ల పిల్లలతో వారం వారం టోర్నమెంట్లు ఆడిస్తున్నాం. ఆ పాప తొడ మీద చెయ్యి పెట్టుకుని లేచిన తీరు ఇంకా నా కళ్ల ముందే ఉంది.