రామప్ప శాసనం, మేడారం గద్దె: ఒకే కాలానికి రెండు గొంతులు

తెలంగాణ చూడ్డానికి వచ్చేవాళ్లకు మనం ఇచ్చే లిస్టు దాదాపు ఖరారైపోయింది. చార్మినార్, గోల్కొండ, వరంగల్ కోట, వేయి స్తంభాల గుడి, రామప్ప. రెండేళ్లకోసారి మేడారం జాతర దానికి తోడవుతుంది. లిస్టులో తప్పేమీ లేదు. కానీ ఏ చోటుకు ఆ చోటును విడగొట్టి, ఒక ఫొటో పెట్టి, నాలుగు వాక్యాలు రాసి వదిలేస్తున్నాం. దీనివల్ల ఎక్కువగా నష్టపోతున్నది ములుగు జిల్లా. కాకతీయుల కాలాన్ని పాలకుల వైపు నుంచి చెప్పే రామప్ప గుడి, అదే కాలాన్ని పాలకులకు ఎదురు తిరిగినవాళ్ల వైపు నుంచి చెప్పే మేడారం, రెండూ ఈ ఒక్క జిల్లాలోనే ఉన్నాయి. ఆ రెంటినీ కలిపి చదివితే తప్ప ఈ నేల చరిత్ర అర్థం కాదని నా గట్టి నమ్మకం.

పాలంపేటలో రామప్ప గుడిని కట్టించింది కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు. అక్కడి శాసనం 1213 నాటిది. 2021 జూలై 25న యునెస్కో ఈ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. తెలంగాణకు దక్కిన మొదటి గుర్తింపు అది. వెళ్లినవాళ్లకు గైడ్లు నీళ్లలో తేలే ఇటుకలతో కట్టిన శిఖరం గురించి, ఇసుక నింపిన పునాది గురించి ఉత్సాహంగా చెబుతారు. చెప్పాల్సిందే, అవి అంతటి అద్భుతాలు. ఇక చూరు కింద నిలబడ్డ మదనికల, అంటే ఆ స్త్రీ శిల్పాల దగ్గర ఎంతసేపు ఉన్నా తనివి తీరదు. నల్లరాయి ఇప్పటికీ నిగనిగలాడుతూ ఉంటుంది. ఒక మదనిక కాళ్లకు మడమ ఎత్తున్న చెప్పులు కనిపిస్తాయి. ఎనిమిది వందల ఏళ్ల కిందటి శిల్పి ఆ చెప్పుల దాకా శ్రద్ధ పెట్టాడు. ఈ గుడి రాళ్ల మీది నాట్య భంగిమలను, గణపతిదేవుడి గజసేనాని జాయప రాసిన నృత్త గ్రంథాన్ని ఆధారం చేసుకునే నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ పేరిణి నాట్యానికి మళ్లీ ప్రాణం పోశారు.

ఇంత చూశాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. ఇదంతా కట్టడానికి డబ్బు ఎక్కడిది?

జవాబు గుడికి దగ్గర్లోనే ఉంది. రామప్ప చెరువు దాకా వెళ్లేవాళ్లు చాలామంది బోటెక్కి, ఫొటోలు దిగి వచ్చేస్తారు. నా దృష్టిలో అసలు చరిత్ర ఆ కట్ట మీదే ఉంది. గుట్టల మధ్య సందు చూసి, అడ్డంగా కట్ట పోసి, వాగు నీళ్లను ఆపడం కాకతీయుల నాటి పనితనం. పాకాల, లక్నవరం కూడా అలా వచ్చినవే. చెరువు నిండితే తూము కింద ఆయకట్టు పారుతుంది, ఎక్కువైన నీళ్లు మత్తడి దూకి కింది చెరువుకు చేరతాయి. ఆయకట్టు పెరిగితే పన్ను పెరుగుతుంది. పన్నుతో సైన్యం, గుడి, గుడికి మాన్యాలు. చెరువు వేయించినవాళ్లకు, దాని బాగోగులు చూసేవాళ్లకు పదో వంతు దక్కే దశబంధం పద్ధతి గురించి శాసనాలు చెబుతాయి. ఎవరి లాభం వాళ్లకు ముట్టింది కాబట్టే ఆ ఏర్పాటు అన్నాళ్లు నిలిచింది. రామప్ప చెరువు కింద ఇప్పటికీ వరి పండుతోంది. తెలంగాణ వచ్చాక 2015లో చెరువుల పూడికతీతకు మిషన్ కాకతీయ అని పేరు పెట్టుకున్నామంటే ఆ ఋణం మనకు గుర్తుందనే అర్థం.

అయితే పన్ను కట్టలేనివాళ్ల సంగతేమిటి? ఇక్కడే మేడారం కథ మొదలవుతుంది.

పస్రా దాటి తాడ్వాయి అడవిలోకి వెళ్తే వచ్చే ఊరు మేడారం. జనం చెప్పుకునే కథ ప్రకారం, ఆ ప్రాంతాన్ని ఏలిన కోయ దొర పగిడిద్దరాజు కాకతీయులకు సామంతుడు. కరువొచ్చింది, కప్పం కట్టలేకపోయాడు. ప్రతాపరుద్రుడు సైన్యాన్ని పంపాడు. సంపెంగ వాగు దగ్గర జరిగిన పోరులో పగిడిద్దరాజు, కూతురు సారలమ్మ (సారక్క), అల్లుడు గోవిందరాజు చనిపోయారు. కొడుకు జంపన్న ఆ వాగులోనే దూకాడు, అప్పటి నుంచి అది జంపన్న వాగు. చివరిదాకా పోరాడిన పగిడిద్దరాజు భార్య సమ్మక్క గాయాలతో చిలకలగుట్ట వైపు వెళ్లి కనిపించకుండా పోయింది. వెతికినవాళ్లకు దొరికింది కుంకుమ భరిణె ఒక్కటే.

ఆ భరిణె రూపంలోనే సమ్మక్క ఇప్పటికీ గద్దెకు, అంటే జాతరలో అమ్మవారిని నిలిపే అరుగు మీదికి వస్తుంది. ఆ గద్దె మీద గుడి లేదు, విగ్రహం లేదు. మాఘ పౌర్ణమి రోజుల్లో గద్దెల చుట్టూ లక్షల మంది చేరతారు, తమ బరువెత్తు బెల్లాన్ని బంగారమని మొక్కు చెల్లిస్తారు. అమ్మవారిని తెచ్చేది వడ్డెలు అనే కోయ పూజారులే. సమ్మక్క గుట్ట దిగేటప్పుడు పోలీసు అధికారి గాల్లోకి తుపాకీ పేల్చి స్వాగతం పలుకుతారు. రాజ్యంతో తలపడి ప్రాణమిచ్చిన ఆడబిడ్డకు ఈనాటి రాజ్యం ఇచ్చే ఆ గౌరవ వందనం కన్నా పెద్ద చరిత్ర పాఠం నాకు ఏ మ్యూజియంలోనూ కనిపించలేదు.

దీనికి శాసనాధారం ఏదీ అని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిన ప్రశ్నే. ఇది నోటి నుంచి నోటికి వచ్చిన కథ, ఒక్కో చోట ఒక్కోలా చెబుతారు. కానీ శాసనం మాత్రం ఎవరు రాయించారు? కట్టించినవాడి వంశాన్ని, దానాన్ని పొగడటానికి అతని ఖర్చుతో చెక్కిన రాయి అది. కప్పం ఎగ్గొట్టిన కోయల గోడు దాని మీద ఉంటుందని ఎలా ఆశిస్తాం? ఇంకో సంగతి కూడా చూడాలి. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫుర్ ఓరుగల్లును ముట్టడించినప్పుడు ప్రతాపరుద్రుడే లొంగి, ఢిల్లీకి ఏటా కప్పం కట్టడానికి ఒప్పుకున్నాడు. పైనుంచి అంత ఒత్తిడి పడిన రాజు కింది సామంతుల మీద పడటం అసహజం కాదు. ఇది రుజువు కాదు, నా ఊహ మాత్రమే. అయినా కథలోని కప్పానికి, ఆనాటి రాజకీయానికి పొత్తు కుదురుతోంది. 1323లో ఓరుగల్లు పడిపోయింది, రాజ్యం ముగిసింది. అడవిలోని తల్లీకూతుళ్ల కథ మాత్రం ఆగలేదు.

కాకతీయులను తక్కువ చేయాలని నేను ఇదంతా చెప్పడం లేదు. వాళ్ల చెరువుల నీళ్లు ఈ రోజుకీ మన అన్నంలో ఉన్నాయి. ఆ చెరువులు వేయించిన రాజ్యమే కరువులో కప్పం అడిగి ఉండొచ్చు. ఈ రెండో మాటకు కూడా చోటివ్వాలన్నదే నా వాదన.

చేయాల్సింది పెద్ద ప్రాజెక్టు కాదు. రామప్పలో గైడ్ల మాటల్లో ఇటుకతో పాటు తూము, ఆయకట్టు, దశబంధం చేరాలి. శాసనంలో ఏముందో తేట తెలుగులో ఒక బోర్డు పెట్టాలి. మేడారాన్ని జాతర నాలుగు రోజుల ట్రాఫిక్ సమస్యగా చూడటం మానాలి. మిగతా కాలంలో వచ్చినవాళ్లకు ఆ కథను కోయలే చెప్పే ఏర్పాటు కావాలి, ఆ ఆదాయమూ వాళ్లకే చెందాలి. తాడ్వాయి షెడ్యూల్డ్ ప్రాంతం, గిరిజనేతరులకు భూమి బదిలీని అడ్డుకునే 1/70 చట్టం అమల్లో ఉన్న చోటు. అక్కడ టూరిజం పేరుతో భూమి చేతులు మారకుండా చూడటం కూడా వారసత్వ రక్షణే. సమ్మక్క సారక్క పేరుతో ములుగుకు కేంద్ర గిరిజన విశ్వవిద్యాలయం ఇచ్చే బిల్లును పార్లమెంటు 2023 డిసెంబరులో ఆమోదించింది. మేడారం కథను ఒక్కో చోట చెప్పే రూపాలన్నీ సేకరించి, శాసనాల పక్కన పెట్టి చదివే పని ఆ విశ్వవిద్యాలయంలోనే, కోయ పిల్లల చేతుల మీదుగా మొదలవ్వాలి.