నరకం, పాతాళం ఒకటి కాదు

‘బైబిల్లో మొదటి నుంచి చివరి దాకా ఒకే నరకం, క్రైస్తవులందరూ నమ్మేదీ అదే’ అని ఒక వ్యాసంలో రాశారు. అంత సులువు కాదండీ. మన తెలుగు బైబిల్లోనే రెండు మాటలున్నాయి. లూకా 16లో ధనవంతుడు బాధపడేది ‘పాతాళం’లో. మత్తయి 5:22లో ఉన్నది ‘నరకాగ్ని’. మొదటిది గ్రీకులో హేడిస్, అంటే చనిపోయినవాళ్లుండే లోకం; రెండోది గెహెన్నా. గెహెన్నా అంటే యెరూషలేము పక్కనున్న హిన్నోము లోయ. అక్కడ పిల్లల్ని అగ్నిలో బలిచ్చారని యిర్మీయా 7లో ఉంది. అది ఊరి చెత్త తగలబెట్టే చోటు అని ప్రసంగాల్లో తెగ చెబుతారు గానీ, ఆ మాట కనిపించేది యేసు తర్వాత వెయ్యేళ్లు దాటాకే.

ఇంకో చిక్కు మన ‘నరకం’ అనే మాటతోనే. ఆ మాట వినగానే యముడు, సలసల కాగే నూనె కళ్లముందుకొస్తాయి. చిన్నప్పుడు కూటాల్లో విని నేనూ అలాగే భయపడ్డాను. కానీ పురాణాల్లో పాపఫలం తీరాక బయటికొచ్చే దారుంది. మత్తయి 25:46లో ఉన్నది ‘నిత్యశిక్ష’. అసలు గొడవంతా ఆ ‘నిత్య’ దగ్గరే.

తొలి శతాబ్దాల క్రైస్తవ పండితుడు అగస్టీన్ దాన్ని అంతులేని బాధగానే తీసుకున్నాడు. నాలుగో శతాబ్దపు బిషప్ నిస్సా గ్రెగొరీ మాత్రం చివరికి అందరూ బాగుపడతారని ఆశించాడు. ఇరవయ్యో శతాబ్దంలో ఇంగ్లండు బోధకుడు జాన్ స్టాట్, దుష్టులు చివరికి లేకుండా పోతారనే అభిప్రాయం వైపు మొగ్గాడు. ఆయనేమో బైబిల్ మాటే ప్రమాణమనే ఇవాంజెలికల్ వర్గం వాడే! నాకైతే స్టాట్ మాటే సబబనిపిస్తుంది, అయితే 25:46లో జీవానికీ శిక్షకూ ‘నిత్య’ అనే ఒకే విశేషణం ఎందుకు వాడారన్న ప్రశ్న దగ్గర నేనూ తడబడతాను.